తెల్లబట్ట నుంచి గర్భసంచి జారడం దాకా: ఆడవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆస్పత్రికి వచ్చే ఆడవాళ్ళు చాలామంది ముందు నడుము నొప్పి అంటారు, నీరసం అంటారు. డాక్టరు చీటీ రాసి ఇచ్చాక, లేచి తలుపు దాకా వెళ్ళి, "ఇంకోటి మేడం..." అని ఆగుతారు. ఈ పేజీ ఆ "ఇంకోటి" గురించి. సిగ్గుపడి ఏళ్ళ తరబడి ఓర్చుకునే ఈ బాధల్లో ఎక్కువ భాగం చిన్న వైద్యంతో తగ్గేవే. ఓర్చుకుని ఓర్చుకుని చివరికి పెద్ద ఆపరేషన్ దాకా వెళ్ళడమే మనల్ని బాధపెట్టే విషయం.

ఇక్కడ మందుల పేర్లు, మోతాదులు రాశాం. మీ చేతిలో ఉన్న చీటీ మీకు అర్థం కావాలని రాశాం తప్ప, షాపులో అడిగి సొంతంగా వాడుకోమని కాదు.

తెల్లబట్ట అవుతోంది. ఇది రోగమేనా?

చాలాసార్లు కాదు. నోట్లో లాలాజలం ఊరినట్టే యోని గోడల నుంచి, గర్భసంచి మూతి నుంచి తేమ ఊరుతుంది. రోజుకు అర చెంచా దాకా మామూలే. నెలసరి మొదలైన 12–14 రోజులకు, అండం విడుదలయ్యే సమయంలో, అది పచ్చి కోడిగుడ్డు తెల్లసొనలా జారుడుగా ఉండి వేళ్ళ మధ్య తీగలా సాగుతుంది. ఆ తర్వాత చిక్కబడుతుంది. కడుపుతో ఉన్నప్పుడు ఇంకా ఎక్కువవుతుంది. లోదుస్తుల మీద ఆరిపోతే లేత పసుపు మరకలా కనిపిస్తుంది. ఆ మరక చూసి చీము అనుకుని భయపడేవాళ్ళు ఎందరో.

"ఎముకల్లో గుజ్జు కరిగి పోతోంది, అందుకే నీరసం" అని ఊళ్ళలో అంటారు. ఎముకలకీ తెల్లబట్టకీ ఏ సంబంధమూ లేదు. నీరసంగా ఉంటే రక్తం పరీక్ష చేయించండి. కడుపుతో లేని ఆడవాళ్ళకు హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే అది రక్తహీనత. నీరసానికి మందు అక్కడ దొరుకుతుంది.

మరి ఎలాంటి తెల్లబట్టకు డాక్టరును కలవాలి?

రంగు, వాసన, దురద. ఈ మూడూ గమనించండి.

పెరుగు విరిగినట్టు, పన్నీరు తునకల్లా గడ్డలుగా ఉండి, విపరీతమైన దురద, మంట ఉంటే సాధారణంగా క్యాండిడా అనే ఫంగస్. దీనికి చెడు వాసన ఉండదు. క్లోట్రిమజోల్ బిళ్ళలు యోనిలో పెట్టుకోమని ఇస్తారు: 100 మిల్లీగ్రాములవి ఆరేడు రాత్రులు, లేదా 500 మిల్లీగ్రాములది ఒకే రాత్రి. లేదంటే ఫ్లూకోనజోల్ 150 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి మింగమంటారు. కడుపుతో ఉన్నవాళ్ళు ఫ్లూకోనజోల్ మింగకూడదు, వాళ్ళకు పెట్టుకునే బిళ్ళలే.

పలచగా, బూడిద తెలుపులో ఉండి చేపల వాసన వస్తుంటే, అదీ భర్తతో కలిసిన తర్వాత వాసన ఎక్కువవుతుంటే, అది బ్యాక్టీరియల్ వజైనోసిస్. దురద అంతగా ఉండదు. యోనిలో ల్యాక్టోబాసిల్లస్ అనే మేలుచేసే సూక్ష్మజీవులు ఉంటాయి. పాలను తోడుపెట్టే జాతి అది. అవి ఆమ్లాన్ని తయారుచేసి లోపల పీహెచ్‌ను 3.8–4.5 మధ్య ఉంచుతాయి. అవి తగ్గిపోయి వేరే సూక్ష్మజీవులు పెరిగితే పీహెచ్ 4.5 దాటుతుంది, వాసన మొదలవుతుంది. మెట్రోనిడజోల్ 400 మిల్లీగ్రాములు రోజుకు రెండు పూటలు, సాధారణంగా 7 రోజులు ఇస్తారు. మాత్ర వేసుకుంటే నోట్లో ఇనుము నాకినట్టు రుచి వస్తుంది, వికారంగా ఉంటుంది. దానికి భయపడి మూడో రోజే మానేస్తారు. భోజనం తర్వాత వేసుకుంటే ఆ ఇబ్బంది తగ్గుతుంది.

ఆకుపచ్చ లేదా పసుపు రంగులో నురగగా ఉండి, మంట, వాసన రెండూ ఉంటే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి కావచ్చు. ఇది కలయిక ద్వారా అంటేది. భార్యాభర్తలిద్దరూ ఒకేసారి మందు వాడి తీరాలి.

తెల్లబట్టతో పాటు పొత్తికడుపు నొప్పి, జ్వరం ఉన్నా, రక్తం కలిసి వస్తున్నా రెండో రోజు దాకా ఆగొద్దు.

దురద అని చెబితే మందుల షాపువాళ్ళే బిళ్ళ ఇస్తున్నారు కదా, చాలదా?

పైన చెప్పిన మూడింటికీ మందులు వేరు. ఫంగస్ మందు వాసన వచ్చే జబ్బుకు పనిచేయదు. మెట్రోనిడజోల్ ఫంగస్‌ను తగ్గించదు, పైగా యాంటీబయాటిక్ వాడాక ఫంగస్ పెరగొచ్చు కూడా. స్టీరాయిడ్ కలిసిన దురద ఆయింట్‌మెంట్లు ఇంకో బాధ. రాసిన రెండు రోజులు చల్లగా ఉండి, నెల తిరిగేసరికి చర్మం పలచబడి, ఫంగస్ రెట్టింపవుతుంది. తొడల సందులో, యోని పెదవుల మీద రాసుకునే ట్యూబు కొనేముందు అందులో క్లోబెటాసోల్ లేదా బీటామెథసోన్ ఉందేమో చదవండి. డాక్టరు చెప్పకుండా అవి ఉన్న ట్యూబు ముట్టుకోవద్దు.

ప్రభుత్వ ఆస్పత్రుల్లో సుఖవ్యాధుల వైద్యానికి సురక్ష క్లినిక్‌లు ఉన్నాయి. అక్కడ జబ్బు లక్షణాన్ని బట్టి రంగుల కిట్లు ఇస్తారు. తెల్లబట్టకు ఇచ్చేది ఆకుపచ్చ కిట్. మందుకు డబ్బు కట్టక్కర్లేదు.

బిళ్ళ లోపల పెట్టుకోమన్నారు. ఎలా పెట్టుకోవాలి?

రాత్రి పడుకునే ముందు, మూత్రం పోసుకుని, చేతులు సబ్బుతో కడుక్కోండి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి కొంచెం ఎడంగా పెట్టండి. బిళ్ళను నీళ్ళలో ఒక్క క్షణం తడిపితే జారుతుంది. చూపుడు వేలితో లోపలికి తోయండి. తోసే దిక్కు నేరుగా పైకి కాదు, నడుము వైపు, వెనక్కి. వేలు పూర్తిగా వెళ్ళేంత లోతు చాలు. అక్కడి నుంచి బిళ్ళ ఎక్కడికీ పోదు, ఎందుకంటే గర్భసంచి మూతి దగ్గర దారి మూసే ఉంటుంది. "కడుపులోకి పోతుందేమో" అనే భయం వద్దు. పెట్టుకున్నాక లేచి తిరగకండి. మర్నాడు తెల్లటి పొడి, కరిగిన ముక్కలు బయటికి వస్తాయి, అది బిళ్ళే. పల్చటి ప్యాడ్ పెట్టుకుంటే బట్టలు పాడవవు.

వాడుతుండగా నెలసరి వస్తే డాక్టరును అడగండి. ఆ బిళ్ళల్లోని నూనె పదార్థం కండోమ్‌ను బలహీనపరుస్తుంది కాబట్టి ఆ రోజుల్లో కండోమ్‌ను నమ్ముకోవద్దు.

తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తోంది. ఎందుకని?

ఏడాదిలో మూడు నాలుగు సార్లు ఫంగస్ వస్తే ముందు షుగర్ చూపించుకోండి. పరగడుపున, తిన్నాక, వీలైతే మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా. షుగర్ ఉందని మొదట ఈ దురదతోనే బయటపడినవాళ్ళు ఉన్నారు. షుగర్‌కు వాడే మాత్రల్లో "గ్లిఫ్లోజిన్" అని ముగిసేవి (డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్) చక్కెరను మూత్రంలోకి పంపుతాయి. అవి వాడుతుంటే ఫంగస్ ఎక్కువగా వస్తుంది. మాత్ర మానకండి, డాక్టరుకు చెప్పండి.

మిగతా కారణాలు: కోర్సు సగంలో ఆపడం, జలుబుకీ జ్వరానికీ చీటికిమాటికి యాంటీబయాటిక్ మింగడం, తడి లోదుస్తులతో గంటల తరబడి ఉండటం, అసలు మొదటి రోగనిర్ధారణే తప్పు కావడం. మూడోసారికి, యోనిని తెరిచి చూసే పరికరమైన స్పెక్యులమ్‌తో చూసి, తేమను గాజుపలక మీద పరీక్ష చేయమని అడగండి. చూడకుండా మందు రాసే వైద్యం మూడోసారి పనికిరాదు.

సబ్బు, డెట్టాల్, వేపాకు నీళ్ళతో లోపల కడుక్కుంటే మంచిదా?

వద్దు. లోపల కడగాల్సిన పని ఎప్పుడూ లేదు, ముట్టు అయిపోయాక కూడా లేదు. కడిగితే పోయేది మురికి కాదు, పైన చెప్పిన మేలుచేసే సూక్ష్మజీవులే. డెట్టాల్ నీళ్ళు లోపలి పొరను కాలుస్తాయి. వేపాకు మంచిదే అయినా దాని చోటు అది కాదు. సువాసన వాష్‌లు కూడా అక్కర్లేదు.

బయట మాత్రం రోజుకు ఒకటి రెండుసార్లు మామూలు నీళ్ళతో కడిగి, మెత్తని బట్టతో అద్దండి. కడిగేటప్పుడూ తుడిచేటప్పుడూ చెయ్యి ముందు నుంచి వెనక్కి వెళ్ళాలి. మలద్వారం నుంచి ముందుకు వస్తే అక్కడి సూక్ష్మజీవులు మూత్రద్వారంలోకి చేరతాయి. చిన్నపిల్లలకు కడిగేటప్పుడే ఈ అలవాటు నేర్పండి.

"గర్భసంచికి పుండు పడింది, తీసేయకపోతే క్యాన్సర్ అవుతుంది" అన్నారు. తీయించుకోవాలా?

ఈ ఒక్క ప్రశ్నకు నెమ్మదిగా జవాబు చెప్పాలి. ఎందుకంటే ఈ ఒక్క మాట మీద తెలుగు నేలలో ఎన్నో గర్భసంచులు పోయాయి. దేశం మొత్తమ్మీద 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు సుమారు 3 శాతమని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతుంటే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆ సంఖ్య 8–9 శాతం దగ్గర ఉంది. వాళ్ళలో చాలామందికి 40 కూడా నిండలేదు.

"పుండు" అని చూపించేది చాలాసార్లు పుండే కాదు. గర్భసంచి మూతికి లోపలి వైపు ఎర్రటి పలుచని పొర, బయటి వైపు గులాబీ రంగు మందమైన పొర ఉంటాయి. వయసులో ఉన్నవాళ్ళకు, కడుపుతో ఉన్నవాళ్ళకు, పిల్లలు వద్దని మాత్రలు వాడేవాళ్ళకు లోపలి ఎర్ర పొర కొంచెం బయటికి తిరిగి కనిపిస్తుంది. పెదవి లోపలి వైపు తిప్పి చూస్తే ఎర్రగా కనిపించినట్టే. దానివల్ల తెల్లబట్ట కాస్త ఎక్కువ కావచ్చు, కలయిక తర్వాత చుక్క రక్తం కనబడొచ్చు. పరీక్షలో క్యాన్సర్ ఛాయలు లేవని తేలితే చాలామందికి మందు కూడా అక్కర్లేదు. అది క్యాన్సర్‌గా మారదు.

ఇంకో సంగతి. తెల్లబట్ట యోని గోడల నుంచి కూడా ఊరుతుంది కాబట్టి, గర్భసంచి తీసినా తెల్లబట్ట ఆగుతుందన్న నమ్మకం లేదు.

తీయించుకోవాల్సిన నిజమైన కారణాలు ఉన్నాయి: క్యాన్సర్, మందులకు లొంగని అధిక రక్తస్రావం, పెద్ద ఫైబ్రాయిడ్ గడ్డలు, బాగా జారిన గర్భసంచి. అప్పుడు కూడా ఈ ప్రశ్నలు అడిగి, జవాబులు కాగితం మీద రాయించుకోండి. నా జబ్బు పేరేమిటి? పాప్ (గర్భసంచి మూతి కణాల పరీక్ష) లేదా, మూతి క్యాన్సర్ తెచ్చే వైరస్‌ను వెతికే హెచ్‌పీవీ పరీక్ష చేశారా? ముక్క తీసి బయాప్సీ చేశారా? గడ్డ ఎన్ని సెంటీమీటర్లు? ముందు మందులు వాడి చూడొచ్చా? ఎక్కువ రక్తస్రావానికి ట్రనెక్సామిక్ ఆమ్లం మాత్రలు ఉన్నాయి, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ ఉంది. ఆ లూప్ కొన్నేళ్ళు పనిచేస్తుంది, చాలామందికి ఆపరేషన్ అవసరమే తప్పిస్తుంది.

ఆఖరి ప్రశ్న: అండాశయాలు ఉంచుతారా, తీస్తారా? 35 ఏళ్ళకే అండాశయాలు కూడా తీసేస్తే మర్నాటి నుంచే ముట్లుడిగినట్టు. ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఆ తర్వాత ఎముకలు పెళుసుబారడం, గుండె జబ్బు ముప్పు పెరగడం. పొలం పనికి వెళ్ళే మనిషికి ఎముకల బలం పోతే ఇల్లు గడవదు.

అనవసరంగా గర్భసంచులు తీయడంపై వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. దీన్ని అరికట్టడానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో రూపొందించిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలుచేయాలని చెప్పింది. కాబట్టి ఇంకో డాక్టరు అభిప్రాయం అడగడం మీ హక్కు, అందులో ఎవరినీ అవమానించింది ఏమీ లేదు. రేపే ఆపరేషన్ అని తొందరపెడితే, ప్రాణం మీదికి వచ్చే రక్తస్రావం లేనంతవరకు, వారం ఆగినా ఏమీ కాదు.

గర్భసంచి మూతి పరీక్షలో ఏం చేస్తారు? నొప్పా?

బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళు మడిపించి, బాతుముక్కులాంటి స్పెక్యులమ్‌ను యోనిలోకి పెట్టి తెరుస్తారు. బిగుతుగా, చల్లగా అనిపిస్తుంది. నోటితో నెమ్మదిగా గాలి వదులుతూ పిరుదులు బల్లకు ఆనించి వదులుగా ఉంచితే ఇబ్బంది సగానికి తగ్గుతుంది. పిరుదులు పైకి ఎత్తితే నొప్పి ఎక్కువవుతుంది.

పీహెచ్‌సీల్లో ఎక్కువగా చేసేది వయా పరీక్ష. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లాన్ని 3–5 శాతం గాఢతలో దూదితో గర్భసంచి మూతికి అద్ది, ఒక నిమిషం ఆగి చూస్తారు. మార్పు చెందిన చోటు తెల్లగా మారుతుంది. కొంచెం చురుక్కుమంటుంది, అంతే. ఫలితం అక్కడే చెబుతారు. తెల్లగా మారిందంటే క్యాన్సర్ అని కాదు. ఇంకా నిశితంగా చూడాలని అర్థం. ముందస్తు మార్పులైతే వేడితోనో చలితోనో ఆ చోటును మాత్రమే మాడ్చేస్తారు, గర్భసంచి అలాగే ఉంటుంది.

30 ఏళ్ళు దాటిన ప్రతి ఆడమనిషీ, ఏ బాధా లేకపోయినా, ఐదేళ్ళకోసారి వయా చేయించుకోవాలి. హెచ్‌పీవీ వైరస్ సోకిన తర్వాత క్యాన్సర్ రావడానికి సాధారణంగా 15–20 ఏళ్ళు పడుతుంది. అంత వ్యవధిలో ఒక్కసారి చూసినా పట్టుకోగలిగే జబ్బు ఇది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకు ఆ వ్యవధి తక్కువ, పరీక్ష త్వరగా మొదలుపెట్టాలి.

మా అమ్మాయికి హెచ్‌పీవీ టీకా వేయించాలా?

వేయించండి. 9–14 ఏళ్ళ మధ్య అయితే ఆరు నెలల తేడాతో రెండు డోసులు, 15 దాటితే మూడు డోసులు. ఒక్క డోసు కూడా చిన్నవయసు పిల్లలకు సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. మన దేశంలో తయారైన సెర్వావాక్ 2023లో వచ్చింది. టీకా వేయించినా 30 దాటాక పరీక్ష మానకూడదు.

దగ్గితే, తుమ్మితే, నవ్వితే మూత్రం చుక్కలు పడుతున్నాయి. కాన్పులు అయ్యాక ఇది తప్పదంటున్నారు, నిజమా?

మామూలుగా చాలామందిలో కనిపిస్తుంది, నిజం. తప్పదన్నది మాత్రం అబద్ధం. మూత్రాశయం, గర్భసంచి, మలాశయం ఈ మూడింటినీ కింద నుంచి ఊయలలా మోసే కండరాలు ఉంటాయి. ముందు జఘనాస్థి నుంచి వెనక తోకఎముక దాకా పరుచుకుని ఉంటాయి. కాన్పులో అవి సాగుతాయి. దగ్గినప్పుడు కడుపులో ఒత్తిడి పెరిగి, ఆ కండరాలు సమయానికి బిగుసుకోకపోతే చుక్క పడుతుంది. దీనికి కింది వ్యాయామమే మొదటి మందు.

ఉన్నట్టుండి ఆపుకోలేనంత మూత్రం వచ్చి, బాత్‌రూమ్ చేరేలోగా పోతుంటే అది వేరే రకం. మూడు రోజులు ఒక కాగితం మీద రాయండి: ఎన్ని గంటలకు వెళ్ళారు, ఏం తాగారు, ఎప్పుడు పోయింది. పగలు ఏడెనిమిది సార్ల కంటే ఎక్కువ వెళ్తుంటే, వెళ్ళాలనిపించిన ప్రతిసారీ 10–15 నిమిషాలు ఆపి, వారం వారం ఆ వ్యవధి పెంచండి. ఆరు వారాలు చేయాలి. టీ, కాఫీ తగ్గించండి. నీళ్ళు తగ్గించొద్దు. తక్కువ తాగితే మూత్రం చిక్కబడి ఇంకా మంట, ఇంకా తొందర. మంట, జ్వరం ఉంటే ముందు మూత్రం పరీక్ష.

ఆ కండరాల వ్యాయామం సరిగ్గా ఎలా చేయాలి?

చాలామంది "చేస్తున్నాం, తగ్గలేదు" అంటారు. వాళ్ళు బిగించేది పిరుదులు, తొడలు, కడుపు. లేదా పైకి లాగాల్సింది పోయి కిందికి ముక్కుతారు.

వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవండి. పదిమందిలో గ్యాస్ వచ్చేలా ఉంటే ఆపుకుంటారు చూడండి, అలా వెనక ద్వారాన్ని బిగించండి. అదే బిగింపును ముందుకు, మూత్రద్వారం దాకా తెచ్చి, మొత్తాన్ని లోపలికి, పైకి లాగండి. అరచేయి పొట్ట మీద పెట్టుకుంటే, బొడ్డు కింద కొంచెం కదలిక ఉండొచ్చు, పొట్ట మొత్తం గట్టిపడితే తప్పు. తొడలు దగ్గరికి వస్తే తప్పు. ఊపిరి బిగబట్టితే తప్పు. మెల్లగా ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెడితే ఊపిరి ఆడుతుంది. అద్దం పెట్టి చూస్తే మలద్వారం ముడుచుకుని లోపలికి వెళ్ళాలి, బయటికి ఉబ్బకూడదు.

మొదట మూడు సెకన్లు పట్టి, అంతసేపు వదలండి. వదలడం కూడా వ్యాయామమే, పూర్తిగా వదలాలి. అలా 8–10 సార్లు. ఆ తర్వాత టకటకా బిగించి వదిలేవి పది. రోజుకు మూడు పూటలు. వారానికో సెకను పెంచుతూ పది సెకన్లకు వెళ్ళండి. పడుకుని చేయడం వచ్చాక కూర్చుని, తర్వాత నిలబడి చేయండి. టీ మరిగేలోపు ఒక విడత, బస్సులో ఒక విడత, పడుకునే ముందు ఒక విడత అనుకుంటే మరిచిపోరు. మూడు నెలలు మానకుండా చేస్తేనే ఫలితం చెప్పగలం. రెండు వారాలకు వదిలేస్తే చేయనట్టే.

కండరం దొరికాక ఒక కిటుకు: దగ్గు వచ్చే ముందు, తుమ్మే ముందు, బిందె ఎత్తే ముందు ఒక్కసారి బిగించి పట్టుకోండి. ఈ అలవాటు ఒక్కటే చాలామందికి వారాల్లో తేడా చూపిస్తుంది.

మూత్రం పోస్తూ మధ్యలో ఆపే వ్యాయామం రోజూ చేయొద్దు, మూత్రాశయం సరిగ్గా ఖాళీ కాదు. కలయికలో నొప్పి, మూత్రం మొదలుకావడం కష్టం లాంటివి ఉంటే కండరాలు వదులై కాదు, బిగుసుకుపోయి ఉండొచ్చు. వాళ్ళకు ఈ వ్యాయామం బాధను పెంచుతుంది, ఫిజియోథెరపిస్టు దగ్గర వదులు చేయడం నేర్చుకోవాలి.

కింద బంతిలా తగులుతోంది. గర్భసంచి జారిందా?

కావచ్చు. గర్భసంచే కాదు, ముందు గోడతో మూత్రాశయం, వెనక గోడతో మలాశయం కూడా కిందికి వాలొచ్చు. పొద్దున బాగుండి, సాయంత్రానికి, నాట్లు వేసి వచ్చాక బరువుగా లాగుతుంది. పడుకుంటే లోపలికి వెళ్తుంది. యోని ద్వారానికి పైనే ఉంటే మొదటి దశ, ద్వారం దగ్గరికి వస్తే రెండోది, బయటికి వస్తే మూడు, పూర్తిగా బయటే ఉంటే నాలుగు. మొదటి రెండు దశల్లో వ్యాయామం, కారణాలు తగ్గించడం చాలావరకు సరిపోతాయి.

కారణాలంటే: వరుస కాన్పులు, కాన్పైన వారానికే బరువులు, ఏళ్ళ తరబడి మలబద్ధకంతో ముక్కడం, పొయ్యి పొగ వల్లా చుట్ట వల్లా వదలని దగ్గు. నీళ్ళ ప్లాంటు నుంచి తెచ్చే 20 లీటర్ల క్యాను అంటే 20 కిలోలు. అది నడుమున ఎత్తుకుని మెట్లెక్కొద్దు, రెండు చిన్న బిందెలుగా మోయండి. ఎత్తేటప్పుడు బిగించి, ఊపిరి వదులుతూ లేవండి.

ఆపరేషన్ వద్దనుకునేవాళ్ళకు, మత్తు ఇవ్వడం కష్టమైన పెద్దవాళ్ళకు రింగు ఉంది. సిలికాన్‌తో చేసిన, గాజులాంటి మెత్తని చక్రం. కొలత చూసి, మడిచి లోపల పెడితే అది విచ్చుకుని గర్భసంచిని పైన ఆపుతుంది. పెట్టించుకున్నాక వెంటనే ఇంటికి బయలుదేరకండి. అక్కడే నడవండి, గొంతుకూర్చోండి, గట్టిగా దగ్గండి, మూత్రం పోసి చూడండి. జారిపోతే చిన్నది, మూత్రం రాకపోతే లేదా ఒరుసుకుంటే పెద్దది. సరైన కొలతైతే లోపల ఉన్నట్టే తెలియదు. సొంతంగా తీసి కడిగి పెట్టుకోవడం నేర్చుకున్నవాళ్ళు వారానికోసారి తీసి కడుక్కోవచ్చు. లేనివాళ్ళు 3–6 నెలలకోసారి ఆస్పత్రిలో మార్పించుకోవాలి. ఈ తేదీ ఇంట్లో కోడలికో కూతురికో కూడా తెలియాలి. పెట్టించుకుని ఏళ్ళ తరబడి మరిచిపోతే రింగు గోడలోకి కోసుకుపోతుంది, పుండు పడుతుంది. వాసన, రక్తం కనబడితే తేదీ దాకా ఆగకండి.

పచ్చి బాలింతకు నీళ్ళు తక్కువ ఇవ్వాలి, నడికట్టు బిగించాలి అంటారు. చేయొచ్చా?

నీళ్ళు తగ్గిస్తే పాలిచ్చే తల్లికి మలబద్ధకం వస్తుంది, ముక్కితే కుట్లు లాగుతాయి. దాహం వేసినంత తాగనివ్వండి. పప్పు, కూర, పండు పెట్టండి. నడికట్టు వదులుగా, నడుముకు ఆసరాగా కడితే తప్పులేదు. ఊపిరాడనంత బిగిస్తే ఆ ఒత్తిడంతా కిందికే పోతుంది. అప్పుడే సాగిన కండరాల మీద పడుతుంది.

కుట్లు సాధారణంగా రెండు మూడు వారాల్లో కరుగుతాయి. బేసిన్‌లో గోరువెచ్చని నీళ్ళు పోసి రోజుకు రెండుసార్లు పది నిమిషాలు కూర్చుంటే నొప్పి తగ్గుతుంది. తర్వాత అద్ది ఆరనివ్వాలి. కుట్ల మీద పసుపు, బూడిద, పౌడరు చల్లొద్దు. సాంబ్రాణి పొగ కాళ్ళ మధ్య పెట్టొద్దు, ఆ చర్మానికి స్పర్శ తక్కువగా ఉంటుంది, కాలినా తెలియదు. చీము, వాసన, 100.4 డిగ్రీల జ్వరం ఉంటే అదే రోజు ఆస్పత్రికి. గంటకో ప్యాడ్ తడిసిపోతుంటే అప్పటికప్పుడు 108కి ఫోన్ చేయండి.

గ్యాస్ గానీ మలం గానీ ఆపుకోలేకపోతుంటే సిగ్గుపడి దాచకండి. కాన్పులో మలద్వారపు కండరం చిరిగిందేమో చూడాలి. అది సరిచేయగలిగేదే.

కలయికలో నొప్పి. పెళ్ళై ఏడాదైనా కలవలేకపోతున్నాం. లోపం నాదేనా?

లోపం అనే మాటే వద్దు. భయంతో ఆ కండరాలు మీ ప్రమేయం లేకుండా బిగుసుకుపోతాయి. కంటికి ఏదైనా దగ్గరగా వస్తే రెప్ప పడినట్టే. నెమ్మదిగా శ్వాసతో వదులు చేయడం, తర్వాత సొంత వేలితో, ఆపై చిన్న నుంచి పెద్ద కొలతల డైలేటర్లు అనే నున్నటి గొట్టాలతో వారాల తరబడి అలవాటు చేయడం దీనికి వైద్యం. చాలామందికి పూర్తిగా తగ్గుతుంది. బలవంతం చేస్తే ప్రతిసారీ భయం పెరుగుతుంది. అత్తగారింట్లో పిల్లల గురించి అడుగుతున్నా, ఈ వారాల పాటు కలయిక ప్రయత్నం ఆపాలని భర్త ఒప్పుకోవాలి. ముట్టులో కూడా విపరీతమైన నొప్పి ఉంటే ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది గర్భసంచి బయట పెరిగే జబ్బు) ఉందేమో చూపించుకోండి.

ముట్లు ఆగిపోయాయి. ఇప్పుడు మంట, పొడిబారడం. మళ్ళీ కొంచెం రక్తం కూడా కనబడింది.

మంటకూ పొడికీ కారణం ఈస్ట్రోజన్ తగ్గడం. యోనిలో వాడే ఈస్ట్రోజన్ క్రీము రెండు వారాలు రోజూ రాత్రి, ఆ తర్వాత వారానికి రెండుసార్లు ఇస్తారు. మాటిమాటికి వచ్చే మూత్రం ఇన్‌ఫెక్షన్లు కూడా దీంతో తగ్గుతాయి. రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే తప్పకుండా ముందే చెప్పాలి.

రక్తం సంగతి వేరు. ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనబడినా స్కానింగ్ చేయించాలి. గర్భసంచి లోపలి పొర 4 మిల్లీమీటర్లు దాటితే ముక్క తీసి పరీక్షిస్తారు. చాలామందికి అది పలచబడిన పొర నుంచే వస్తుంది, కానీ చూడకుండా ఆ మాట ఎవరూ అనకూడదు.

బట్ట, ప్యాడ్, కప్పు. ఏది మంచిది?

మూడూ మంచివే. ప్యాడ్ నాలుగు నుంచి ఆరు గంటలకు మార్చాలి. బట్టైతే సబ్బుతో ఉతికి, ఎవరూ చూడకుండా చీర కింద దాచి కాదు, నేరుగా ఎండలో ఆరేయాలి. కప్పును ప్రతి నెలా మొదట్లో ఐదు నిమిషాలు నీళ్ళలో మరిగించి, 8–12 గంటలకోసారి ఖాళీ చేయాలి. తీసేటప్పుడు తోక పట్టి లాగకుండా అడుగు భాగాన్ని నొక్కి గాలి వదిలించి తీయండి. జారిన గర్భసంచి ఉన్నవాళ్ళకు, కాపర్-టీ ఉన్నవాళ్ళకు ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి? వెళ్ళేముందు ఏం చేయాలి?

ఊళ్ళో ఆశా కార్యకర్తకో ఏఎన్‌ఎంకో చెబితే పీహెచ్‌సీకి తీసుకెళ్తారు. తెలంగాణలో 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ క్లినిక్‌లు మొదలయ్యాయి, మంగళవారాలు ఆడవాళ్ళ కోసమే. అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్నవాళ్ళు పెల్విక్ ఫ్లోర్ (పైన చెప్పిన ఊయలలాంటి కండరాలు) ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపమని మీ డాక్టరును అడగండి, అక్కడ ఆ పనికే నిపుణులు ఉంటారు.

వెళ్ళే ముందు రెండు రోజులు లోపల బిళ్ళలు, క్రీములు పెట్టకండి, కలయిక వద్దు. లేకపోతే తేమ పరీక్షలో ఏమీ తేలదు. ఆఖరి నెలసరి మొదటి రోజు తేదీ, వాడుతున్న మాత్రల పట్టీలు, పాత చీటీలు సంచిలో పెట్టుకోండి. పరీక్షకు ముందు మూత్రం పోసుకోండి. గదిలో ఆడ నర్సు ఉండాలని అడగొచ్చు. నొప్పి పుడితే "ఆపండి" అనొచ్చు, అంటే ఆపాలి. గదిలోకి వెళ్ళగానే మొదటి మాటగా కింది బాధ చెప్పండి, నడుము నొప్పి తర్వాత చెప్పొచ్చు.